నాలుకకు అంటుకునే రాయి

మా మునుగోడు దిక్కు గుట్టల్ల బొక్కలుండవు.
ముప్పై ఏండ్లు రాయి కొట్టినోన్ని, నేను చెప్తున్న.
సమ్మెటేసి సీల దింపితే
గులాబి పలుకు, నల్ల పలుకు,
ఆడాడ మెరిసే కాకిబంగారం.
ఒక పురుగు కాలు లేదు, ఒక ఆకు ఈనె లేదు.
"ఈ రాయి చల్లారిన్నాడు
భూమ్మీద బొక్కున్నోడు ఒక్కడు లేడు మైసయ్యా"
అన్నడు బొక్కల సారు.

ఆయనే నన్ను తోల్కపోయిండు ఆ ఎండకాలం,
వడ్డెరోని చెయ్యికి రాయి మాటింటదని.
ఆదిలాబాద్ జిల్లా, భీమారం దాటినంక
ఎర్రమన్ను.
తడిస్తే బంక, ఎండితే పెంకు.
పోంగనే నా గడ్డపార గుంజుకొని
పండ్ల డాక్టరు సూదొకటి, కుంచె ఒకటి చేతిల పెట్టిండు.
నా తాత చూస్తే ఉరేసుకునేటోడు.

అనుమానమొస్తే నాలుక మీద పెట్టు, అన్నడు.
రాయైతే జారుతది.
బొక్కైతే పట్టుకుంటది.
పది దినాలు మన్ను నాకిన.
పదకొండో దినం ఇడువలేదు.

చిలక ముక్కు. ఊరపందంత ఒళ్లు.
దవడ మీద జొన్నకంకికున్నట్టు వరుసలకు వరుసలు పండ్లు.
ఇరవై మూడు కోట్ల ఏండ్లంట.
కోట్లంటే నాకు కాంట్రాక్టరు లెక్కే ఎరుక,
అవి కూడ ఎన్నడు చేతికి రాలె.
తడి పేపరు చుట్టి, గోనెపట్టీలు ముంచి
సున్నపు కట్టు కట్టినం దాని తొడకు.
ఇంత ఆల్శంగ కట్టు కట్టిచ్చుకున్న కాలు
లోకంల ఇదొక్కటే అయ్యుంటది.

రాత్రి కందిలి కాడ సారు చెప్తుండె:
మన్నుల పడ్డ బొక్క ఊకుండదు, నీళ్లు తాగుతది.
నీళ్లల్ల ఏముంటే అది నింపుకుంటది,
సున్నం, ఇనుము, ఫ్లోరైడు.
ఎన్ని దినాలుంటే అంత తాగుతది,
అంత బరువైతది, అంత గట్టిపడ్తది.

ఆ నడిమి మాట నాకెరుకే.
మా బోరింగు మీద ఎర్ర రంగుతోటి రాసుంటది.
రాసినంక గూడ పదేండ్లు తాగినం,
ఇంకోటి లేకుండె.

మా సోమక్కకు ముప్పై నాలుగేండ్లకే నడుము వంగింది.
మెడ తిరగదు.
పిలిస్తే మనిషి మనిషంత తిరిగి చూస్తది,
బండి తిప్పినట్టు.
నల్లగొండ దవాఖానల ఫోటో తీసిన్రు,
వెన్నుపూసలన్ని ఒక్కటై
తెల్లగ, ఒక్క పలక లెక్క.

"సారూ, చావకముందే అయితదా ఇది?"

ఆయన అద్దాలు తీసి తుడిచిండు.
కందిలి వత్తి పెంచిండు. మల్ల తగ్గించిండు.
"ఆ ఫ్లోరైడు మీ రాతిలకెల్లే వస్తది మైసయ్యా,
గులాబి పలుకుల నడుమకెల్లి,
నీళ్లకు దిగుతది."

పొద్దుగాల్ల నాకు అన్నం పోలె.
గుట్టల్ల బొక్కలుండవంటి.
మా అక్క బొక్కలల్ల గుట్ట ఉన్నది.
ఆ మన్ను కోట్ల ఏండ్లు కూసుండి చేసిన పని
మా బోరింగు ముప్పై ఏండ్లల్ల చేసింది,
మీదికెల్లి పాణం తియ్యకుండ.

పోయేటప్పుడు సారు ఒక పెచ్చు ఇచ్చిండు,
ఏ బొక్కకు అతకనిది, లెక్కకు రానిది.
దస్తిల కట్టుకొని తెచ్చిన.
అక్క మనిషి మనిషంత తిరిగి అరచేతిల చూసింది.
"ఆడిదా, మొగదా?"
ఎరుక లేదన్న.
నాలుక మీద పెట్టుకో అన్న.
పెట్టుకున్నది. పట్టుకున్నది. గుంజితే గని రాలె.
నవ్వింది. నవ్వితే నడుము నొస్తది, అయినా నవ్వింది.
"పాపం, దూప మీదున్నట్టున్నది" అన్నది.

ఇప్పుడు మా గల్లీకి కృష్ణ నీళ్లు నల్లా వచ్చింది.
దినాం తప్పి దినం, గంట సేపు.
అక్క ఒక గ్లాసుల పట్టి
అండ్ల ఏసింది ఆ పెచ్చును.
సన్నటి బుడగలు, ఒకటి ఎన్క ఒకటి.
ఎప్పుడాగుతయో చూద్దామని కూసున్నం.
నల్లా బంద్ అయింది.
బుడగలు ఇంక వస్తనే ఉన్నయి.