మూడో తరగతి గది

మూడో తరగతి గదిలో ఇప్పుడు
మూడొందల కోళ్ళున్నాయి.
హాజరు పిలవక్కర్లేదు.
దీపం పెడితే చాలు, అన్నీ దాని కిందికి చేరతాయి.

నల్లబల్ల మాత్రం తుడవలేదు నేను.
మార్చి, శుక్రవారం అని తేదీ.
కింద నా చేతిరాత:
ఒక రొట్టెను నలుగురు సమానంగా పంచుకుంటే
ఒక్కొక్కరికి ఎంత?
అంతలో గంట కొట్టారు.
సోమవారం చూద్దాం అన్నాను.
ఏడాది దాటింది. సోమవారం ఇంకా రాలేదు.

బడి నాదే. అంటే, బ్యాంకుది.
లుగాజిలో చక్కెర మిల్లు వెనక నాలుగు గదులు,
రేకుల కప్పు, గోడ మీద నేనే గీసిన జిరాఫీ
మెడ పట్టక పక్క గోడ మీదికి వంగింది.
జబ్బు మా వీధికి రాకముందే ఫీజులు ఆగాయి.
బోడా నడిపేవాళ్ళు వెనక సీటు మీద
మనిషిని ఎక్కించుకోకూడదన్నారు.
మనిషెక్కని బండి ఏ పిల్లవాడి ఫీజు కడుతుంది?
బ్యాంకు నుంచి ఫోన్ చేసే అమ్మాయి
మాస్కు వేసుకుందో లేదో తెలీదు,
వాయిదా తేదీ మాత్రం స్పష్టంగా వినబడేది.

జీతాలకి బదులు బెంచీలిచ్చాను.
సైన్సు చెప్పే ఒపియో రెండు మోసుకెళ్ళాడు,
ఇప్పుడు ఇటుకలు కోస్తున్నాడు.
నమట్టా టీచరు మూడు తీసుకుని
చౌరస్తాలో చపాతీల పొయ్యి పెట్టింది.
కట్టెలు కొన్నాళ్ళొచ్చాయట.
వాటి మీద మొలలతో చెక్కిన పేర్లూ
వాటితోపాటే కాలాయి.

వాచ్‌మన్ సెంటొంగో జ్వరంతో పోయాడు.
ఏ జ్వరమో ఎవరూ అడగలేదు.
పరీక్ష ఖరీదు అతని రెండు నెలల జీతం.
పేరు లేని జ్వరమే చవక.

రేడియోలో పాఠాలొస్తాయన్నారు.
వచ్చాయి.
బ్యాటరీలు రాలేదు.

చేతిలో బలపానికి పని లేక
కాలికి కట్టుకుని తిరిగాను,
అచ్చు వేయించిన కాగితాలు పట్టుకుని, ఇంటింటికీ.
బబిర్యె వాళ్ళమ్మ నలభై రాత్రులు
మార్కెట్టులో టమాటాల బల్ల కింద, దోమతెరలో పడుకుని
(ఇంటికి పోతే జబ్బు మోసుకుపోతారన్నారు)
సరుకంతా కుళ్ళాక తిరిగొచ్చింది.
నన్ను కూర్చోమంది.
పొయ్యిలో పడుకున్న పిల్లిని లేపి
నా లెక్కల కాగితంతోనే నిప్పు రాజేసింది,
నాకు టీ ఇవ్వాలని.
నేనేమీ అనలేదు.
టీ బాగుంది.

కోళ్ళు నా తమ్ముడి ఆలోచన.
హోటళ్ళు మూతపడి గుడ్డు ధర నేలకి దిగింది,
దాణా ధర ఎక్కి కూర్చుంది.
అయినా వాటికి వేళకి తిండి పెడతాను.
నలభై ఆరుమంది పిల్లల్లో
ఇవాళ ఎందరు తిన్నారో తెలీని దాన్ని,
ఇక్కడ ఒక్క కోడి ముక్కు తడిగా ఉన్నా
రాత్రి లేచి వచ్చి చూస్తాను.

నిన్న వస్వా వచ్చాడు, ఎరువు బస్తా కోసం.
చెరుకు నరుకుతున్నాడట.
అరచేతులు చూపించమన్నాను. చూపించలేదు.
నల్లబల్ల వైపు తిరిగి
అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.
మర్చిపోలేదు! అనుకున్నాను,
ఆ ఒక్క క్షణం కోళ్ళన్నీ ఎటో వెళ్ళిపోయాయి.

"రొట్టె ఎవరు కొన్నారు, టీచర్?"

ఆ ప్రశ్న పుస్తకంలో లేదు.
ఎవరైతేనేం అన్నాను.

"కొన్నవాడికి సగం.
మిగతా సగం ముగ్గురికి.
తోటలో మేస్త్రీ అలాగే పంచుతాడు."
వేళ్ళ మీద ఏదో ముడిచాడు, విప్పాడు.
"అయితే నాకు ఆరో వంతు."

ఆరో వంతు.
సగాన్ని మూడు చేయడం
నేనింకా చెప్పని పాఠం.
తప్పనాలా, ఒప్పనాలా తెలియక
వాడిచ్చిన చిల్లర లెక్కపెట్టుకున్నాను.
సరిగ్గా ఉంది.

బస్తా భుజానికెత్తుకున్నాడు.
గుమ్మం దగ్గర తల వంచాడు.

ఆ మార్చిలో
వాడు వంచక్కర్లేకపోయేది.