మూడో గడి

కుతాయిసిలో నవంబరంటే
రియోనీ నది మీంచి లేచిన పొగమంచు
బడి కిటికీలకు ఆనుకుని కూర్చోవడమే.
ఆ వారమే మా కంప్యూటర్లన్నిటికీ
కొత్త వ్యవస్థ ఎక్కించారు.
గుండ్రటి అంచులు, లేత నీలం,
స్వాగతం అంది మర్యాదగా.
ఆ వెంటనే స్కానర్‌ని ఎరగనంది.
మైకుని ఎరగనంది.
మూలగదిలో పందొమ్మిదేళ్లుగా చుక్కలు కొడుతున్న
నలభై కిలోల బ్రెయిలీ ప్రింటర్‌ని చూసి
"గుర్తు తెలియని పరికరం" అంది,
గుర్తు తెలియని శవం అన్నట్టు.

నేను లామారాని. బళ్లో కంప్యూటర్ల బాగోగులు నావి.
చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే
వాళ్లిప్పుడు నీటి పంపులు అమ్ముతున్నారు.
డ్రైవర్ కావాలంటే
"ట్రక్కుతో సహా పంపమంటారా?" అన్నాడొకాయన.
ఎలియావా బజారులో సైలెన్సర్ల కుప్పల మధ్య
ఓ కేబుల్ దొరికింది,
ఒక మూతి కొత్తది, ఒక మూతి పాతది.
గుచ్చాను.
దడదడమని గది అదిరింది.
బతికే ఉంది!

కాగితం తీసుకెళ్లి ఓతియా చేతుల్లో పెట్టాను.
మా ప్రూఫ్‌రీడరు. పుట్టుకతో చూపు లేదు,
తప్పు మాత్రం ఆ వేలిని దాటిపోయింది లేదు.
వరుస మీద రెండు చూపుడువేళ్లూ ఆనించాడు.
ఆగాడు. మళ్లీ మొదటికొచ్చాడు.
"భూగోళం పరీక్షేనా ఇది?"
"అవును, సోమవారానికి. ఏడుగురు పిల్లలు."
"నీ యంత్రం తాగొచ్చింది."

చింపేద్దామని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.
పొయ్యి పక్కకి కుర్చీ జరుపుకుని
చదవడానికి వీల్లేనిదాన్ని
చదువుతూ కూర్చున్నాడు.
టీ చల్లారింది.
నేను పదకొండోసారి సెట్టింగులు మార్చాను.

"లామారా," అన్నాడు, నేను దీపం వేసిన చప్పుడు విని,
"మూడేసి గడులు చూడు.
మొదటి రెండూ ఎప్పుడూ అవే.
మూడోదే మారుతోంది.
ప్రతి అక్షరం గుమ్మంలో నిలబడి
ముందు ఇంటిపేరు చెప్తోంది, తర్వాత ఊరిపేరు,
ఆ తర్వాతే తన పేరు.
ఒక్క ముక్కలో వినే అలవాటు ఈ ముసలిదానికి,
అన్నీ పేర్లే అనుకుని అన్నీ కొట్టేస్తోంది పాపం."

నా ఒళ్లు జలదరించింది.
లోకంలోని లిపులన్నిటికీ ఇప్పుడు ఒకటే పట్టీ,
అందులో మా అక్షరానికి మూడేసి బైట్లు:
ఇదంతా నేను పరీక్ష రాసి పాసైందే.
నాలుగు రోజులు కళ్లు తెరకి అతికించినా
నాకు కనపడలేదు.

అతను తడుముతూ చెప్తుంటే రాసుకున్నాను.
ముప్పై మూడు అక్షరాలు, ముప్పై మూడు మూడో గడులు.
మొదటి రెండూ తీసిపారేసే ప్రోగ్రాం
తెల్లారేసరికి నడిచింది.
ఓతియా వేళ్లు ఈసారి ఆగకుండా సాగాయి
రెండో ప్రశ్న దాకా.
"నది పొడవు... ఎంత?"

అంకెలకి ఇంటిపేర్లు ఉండవు.
మూడింట్లో రెండు తీసేస్తూ పోతే
అవి మూలమట్టంగా కొట్టుకుపోయాయి,
పేజీ నంబర్లతో సహా.

ఆదివారం రాత్రి. నాకు ఓపిక లేదు, సమయమూ లేదు.
తెర మీద ఇంకా అదే మాట, గుర్తు తెలియని పరికరం.
ఆపేశాను.
ఓతియా సొరుగులోంచి పలకా పోటుపుల్లా తీశాడు.
కుడి నుంచి ఎడమకి, తిరగేసి,
మూడువందల ఇరవై ఏడు
టక్ టక్ మని పొడుస్తున్నాడు.
ఇంకా ఆరు కాగితాలున్నాయి.