మీరమ్మ కుంటు

నయీంనగర్‌ల మెట్లెక్కితే యాకూబ్ భాయి నెట్ సెంటర్.
గంటకు పది రూపాయలు.
ఇద్దరికి ఒక్కటే కుర్చీ:
సగం కుర్చీ నాది, ఇంగ్లీషంత ఓదెలుది.

ఆమె అసలు పేరేందో మాకు తెల్వదు.
పేరు రాసే డబ్బాల నాలుగే గడులు,
పట్టినంత పట్టింది, మిగిలింది బయట పడ్డది.
తెర మీద ఏదో "మిర్న్" అని ఉంటే
ఓదెలు జరసేపు చూసి
"మీరమ్మ" అన్నడు.
గంతే. ఇగ మీరమ్మనే.

పిడికెడు చుక్కలతోని చేసిన మనిషి.
రెండు చుక్కలు కండ్లు. నోరు లేదు.
మూడడుగులకోసారి ఎడమకాలు ఆగేది,
గుంజుకొని మళ్ల నడిచేది.
ఉప్పుకోట కాడ బల్లెం దిగిందని,
కట్టు కట్టెటోడే అమ్ముడుపోయిండని
ఓదెలు చెప్పిండు, నేను నమ్మిన.
నెల దినాలు ఆమెను బురదల నడిపియ్యలే,
చుట్టు తిరిగి గట్టు మీదికెళ్లి తీస్కపోయిన.

వంతెన కాడ, ఎనుక మంటలు లేస్తుంటే
ఆమె ఒక్క మాట అంటది.
ఓదెలు పెదవులు కదిపి చదువుకున్నడు, తర్వాత నాకు చెప్పిండు:
"నువ్వు నడువు బిడ్డా. నేను మెల్లగొస్త.
నా కాలు సంగతి నీకెర్కనే గద."
గప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమన్నది.
చీకట్ల ముక్కు చీదింది ఎవరని
యాకూబ్ భాయి అడగలే.

ఇరవై ఏండ్లాయె.
కాజీపేట డీజిల్ షెడ్డుల నైట్ డ్యూటీ లేని రోజు
మళ్ల కొత్తగ చేసిన ఆట కొన్న.
ఇప్పుడామె మైరీనా.
వెంట్రుక వెంట్రుకకు గాలి తగుల్తది,
రెప్పల మీద వాన ఆగుతది.
వయసు పదిహేనేండ్లు తగ్గింది.
గొంతు కూడ ఇచ్చిన్రు,
లిఫ్టుల అంతస్తు పేరు చెప్పే గొంతు.
సక్కగ నడుస్తది. రెండు కాళ్లు సమానంగ.
కుంటు ఎక్కడన్న దాచిపెట్టిన్రేమో అని
సెట్టింగులన్ని గెలికిన.

తెలిసినోళ్లు చెప్పిన్రు:
కుంటు మా సీడీ మీది గీత అట,
నడకల ఒక్క బొమ్మ తక్కువపడ్డదట.
ఉప్పుకోట యుద్ధం లేనే లేదు.
జపాను మొదటి ఆటల, వంతెన కాడ
ఆమె ఏం అనదు.
మాట డబ్బాల వట్టి ఆరు చుక్కలు.
ఆ ఊకుండుడుకు ఓర్వలేక
ఎవరో ఇంగ్లీషుల ఒక మాట పెట్టిన్రు,
ఆ మాట మీద మావోడు ఒక కాలు పెట్టిండు.

ఓదెలుకు ఫోన్ చేసిన. పరకాలల బోరు మోటర్లు అమ్ముతడు.
"గట్లన్ననా ఝాన్సీ? యాదికి లేదు.
టైం అయిపోవట్టె, ఏదో ఒకటి చెప్పి
ముందటికి గుంజి ఉంట.
ఆ... ఐదు హెచ్‌పీ, సారుకు సూపెట్టు..."

రాత్రి రెండు దాటింది.
వంతెన వచ్చింది. మైరీనా నోరు తెరిచింది.
సౌండు బంద్ పెట్టిన.

మూడడుగులు.
బొటనవేలు ఎత్తిన. ఆగింది.
మూడడుగులు.
ఎత్తిన.
ఎనుక మంటలు దగ్గరికొస్తున్నయి.
రానియ్.