మొక్కుబడి

నాది నడిచే వృత్తి.
మొక్కు మీది, కాళ్ళు నావి.
లిస్బన్ నుంచి ఫాతిమా దాకా
నాలుగున్నర రోజులు, భోజనం ఖర్చు మీదే.
చివర్లో మోకాళ్ళ మీద నడవాలంటే
అది అదనం.

ఇరవై ఏడు సార్లు వెళ్ళొచ్చాను.
కిడ్నీ కుదురుకున్న ఒక జడ్జిగారి కోసం,
కవలల్ని కన్న ఒక నగల వ్యాపారి కోడలి కోసం,
లాటరీ తగిలిన ఒక టాక్సీ డ్రైవర్ కోసం.
వాళ్ళు రాసిచ్చిన ప్రార్థన
ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలి జేబులో పెట్టుకుంటాను,
చెమటకి అక్షరాలు చెదరకుండా.
అక్కడికి చేరాక, అమ్మా మరియమ్మా,
ఇది ఫలానా వారి మాట, అని మొదలుపెడతాను.
చిరునామా తప్పకూడదు కదా.

నీకు నమ్మకం ఉందా అని
ఒక్కరూ అడగలేదు.
పోస్ట్‌మన్‌ని ఆపి
ఉత్తరంలో ఏముందని ఎవరడుగుతారు?

ఈ మే నెలలో సెన్యోర్ అబీలియో పిలిపించాడు.
టైల్స్ ఫ్యాక్టరీ ఆయనది.
చర్చిలో ముందు వరుస బెంచీకి
ఆయన పేరుతో ఇత్తడి పలక.
గుండె ఆపరేషన్ గట్టెక్కితే
నడిచొస్తానని మొక్కుకున్నాడట.
గుండె గట్టెక్కింది, మోకాళ్ళే ఒప్పుకోలేదు.
సగం డబ్బు చేతిలో పెట్టి,
"మిగతా సగం ఫోటో చూశాక" అన్నాడు.

మూడో రోజు సాంతరేం దగ్గర
రోడ్డు పక్క రాయి మీద కూర్చుని
మడమ బొబ్బలోకి సూదీ దారం గుచ్చుకుంటుంటే
ఫోన్ మోగింది. ఆయన కొడుకు.
"నాన్న తెల్లవారుజామున పోయారు.
ఇక నడవక్కర్లేదు. ఇచ్చింది ఉంచుకోండి."
పాపం, మర్యాదగానే చెప్పాడు.

దిగువనే రైల్వే స్టేషన్.
టికెట్టు కూడా కొన్నాను.
దారం కొస ఇంకా బొబ్బలోంచి వేలాడుతోంది.
మొక్కినవాడు లేడు,
మరి ఈ మొక్కు ఇప్పుడు ఎవరిది?
రైలు వచ్చింది. నిలబడింది. వెళ్ళిపోయింది.
భక్తి అనకండి దాన్ని.
మొండితనం కావచ్చు. లేదా
అప్పుడే లేసులు బిగించి కట్టుకున్నందువల్ల కావచ్చు.

ఆ తర్వాత రెండు రోజులు
యూకలిప్టస్ వాసనలో, లారీల హారన్లలో
ఎవరి తరఫునా కాకుండా నడిచాను.
అలా నడవడం నాకు రాదు.
జేబులో మనిషి లేకపోతే
దారి పొడుగునా మనసుకి పని లేదు,
అది పాత చోట్లకి పోతుంది.

లుసీలియాకి తొమ్మిదేళ్ళు.
జ్వరం ముదిరిన ఆ వారం
నేను ఆ పాలరాతి బాట మీద
ఎవరో బ్యాంకు మేనేజర్ మోకాళ్ళనై పాకుతున్నాను.
తిరిగొచ్చేసరికి మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది.
ఆ రోజు నుంచి జుల్మీరా చర్చి మెట్టెక్కలేదు.
రోజూ రాత్రి మాత్రం ఒక రొట్టె సంచిలో వేసి
పై వాటాలో ఒంటరి ముసలాయన
తలుపు పిడికి తగిలించి వస్తుంది.
ఎందుకంటే, "రేపటికి గట్టిపడిపోతుంది" అంటుంది.

ఫాతిమా చేరాను.
అదే జనం. మోకాళ్ళకి అవే ప్యాడ్లు.
కొవ్వొత్తుల మంటలో
మైనపు చేతులూ కాళ్ళూ కరిగి కారుతున్నాయి.
కాగితం తీశాను.
అమ్మా మరియమ్మా, ఇది
అన్నాను. అంతే.
ఫలానా దగ్గర గొంతు ఆగిపోయింది.
ఎంతసేపు నిలబడ్డానో.
వెనకావిడ కొంచెం జరగమంది. జరిగాను.

కాగితాన్ని చదవలేదు, మంటలో వెయ్యలేదు.
నాలుగు మడతలు పెట్టి
షూలో మడమ కింద పెట్టుకున్నాను.
మెత్తగా ఉంది.
ఫోటో తీసుకోలేదు.

"ఎంతిచ్చారు?" అంది జుల్మీరా.
"సగం."
"మరి మిగతా సగం?"
"అది నేను నడిచాను."

ఆమె ఏమీ అనలేదు.
బకెట్లో వేడినీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి
నా ముందు పెట్టింది.
నీళ్ళు చల్లారాక
రొట్టె సంచి నా చేతికిచ్చి
మెట్ల వైపు గడ్డం ఎత్తి చూపింది.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
కుంటుకుంటూ ఎక్కాను.