సుద్దముక్క పడవ

రేకులన్నీ గోడకు జరిపి
షాపు గచ్చు మీద గీసిన,
పద్నాలుగడుగుల పొడుగు, ఐదున్నర వెడల్పు.
కొల్లాపురంల కరెంటు పోయిన మధ్యాన్నం
వెల్డింగోనికి ఇంకేం పనుంటది.

కుర్మయ్య చెప్పులు బయట విడిచి
గీత దాటి లోపల కాలు పెట్టిండు.
అటు ఇటు బరువేసి చూసి
"ఒరగలే, మంచిదే" అన్నడు.
నవ్వలేదు.

ఇంజను మూలకున్నది.
హైదరాబాదు తుక్కు బజార్ల కిలోల లెక్కన తెచ్చిన,
ఎవరో షికారు జేసి ఇరగ్గొట్టిన నీళ్ల స్కూటర్ది.
దీనికి బయట రెక్క ఉండదు, చెప్పిన.
కడుపు కింద జాలీ నుంచి నీళ్లు మింగి
ఎనకకు ఉమ్ముతది,
ఆ ఉమ్మే జోరుకే ముందుకు ఉరుకుతది.
మోకాల్లోతు ఉంటె చాలు.

మోకాల్లోతు మాటకు ఆయన తల తిప్పిండు.
ఎండకాలం కృష్ణ ఎనకకు జరిగినప్పుడు
మునిగిన ఊరి పిండిగిర్ని గోడ
నీళ్ల కింద జానెడు లోతుల కూసుంటది.
"ఆ గిర్నిల మా అమ్మ జొన్నలు పట్టిస్తుండె.
ఇప్పుడది నా రెక్కలు పిండి పడుతున్నది.
రెండేండ్లల్ల మూడు."

అయితే జెట్టే, అన్న.
అన్నంక నోరూరుకోదు గద, మిగిలింది గూడ చెప్పిన.
పెట్రోలు మూడొంతులు తాగి
రెండొంతుల పని జేస్తది.
నాచు మింగితే దగ్గుతది,
తెగిన వల పోగు మింగితే ఊపిరాగుతది,
నువ్వు నీళ్లల్ల దుంకి జాలీల చెయ్యి పెట్టాలె.
ఇంకోటి, జోరు మీద ఉంటేనే తిరుగుతది.
మెల్లగ జేస్తే మాట వినదు.

కుర్మయ్య చాన సేపు గీతల దిక్కే చూసిండు.
"చేపలు పట్టుడంటేనే మెల్లగ జేసుడు గదనే."

నా కాడ జవాబు లేదు.
సుద్దముక్క గోటితోని గీకుతున్న.

స్టీరింగు గద్దె నడిమిట్ల గీసిన,
బొమ్మల పుస్తకంల ఉన్నట్లే.
దాంట్ల నల్లద్దాలాయన ఒకడు
గాలం కట్టె పట్టుకొని గద్దె చుట్టు తిరుగుతుంటడు,
నాలుగు దిక్కుల నుంచి ఇసురొచ్చునట.
"గాలమోళ్లకు సరే.
వల ఏడ కుప్పబొయ్యాలె?"

నిలవడి గుంజి చూపించిండు,
ఉట్టి చేతులతోని, లేని వలను, లేని నీళ్లకెల్లి.
మూడో గుంజుకు ఆయన మోచెయ్యి
నా గద్దె ఉండాల్సిన చోట ఆగింది.
తగిలినట్లే ఆగింది.
"పుట్టికి ముందు లేదు, ఎనక లేదు.
మనిషి ఏడ కూసుంటే అదే నడుమ."

అరికాలుతోని గద్దెను తుడిచేసిన.
ఎడమ పక్కకు, కొంచెం ఎనకకు గీసిన.
ఇప్పుడు బరువు తప్పింది.
ఇంజను తొంభై కిలోలు, గద్దె, బ్యాటరీ, మనిషి, అన్నీ అటే.
కుడికి ఏం పెడదం?
ఐసు డబ్బ.
పొద్దుగాల ఐసు బరువు, పొద్దూకినంక చేప బరువు,
లెక్క సరిపాయె.

"చేప పడని నాడు?"

ఐసు కరిగి కారిపోతది.
పడవ ఎడమకు ఒరిగి వస్తది,
బోల్తా పడదు, ఒరుగుతది, అంతే.
సోమశిల రేవుల నిలవడ్డ ఈదమ్మకు
మొగని మొఖం కనపడకముందే
పడవ చెప్తది.

ఇంకో డబ్బ పెట్టి సరిజేయొచ్చు,
ఇసుక సంచి పెట్టొచ్చు,
నేను కొలతలు ఏస్తనే ఉన్న.
"ఉండనియ్, అట్లనే ఉండనియ్" అన్నడు కుర్మయ్య,
"అడిగే పని తప్పుతది దానికి."

కరెంటొచ్చింది. గ్రైండరు ఆపలేదేమో, ఒక్కసారే కీచుమన్నది.
ఆయన సుద్ద పడవ ముక్కు దాక నడిచి
ఒడ్డు దూరమున్నట్లు పెద్ద అంగ ఏసి
బయట చెప్పులల్ల దిగిండు.

జెట్టా, రెక్కనా, తేలలే.
సైలెన్సరు అతికియ్యమని ఒక పిలగాడు
బండి తెచ్చి సక్కగ పడవల ఆపిండు.
జరుగు, అన్న.
ఎందుకన్నడు.