అయిదో గుంట

ఊరంతా బిందెలు వరసలో పెట్టిన నెల
మాకు పని మొదలైన నెల.
మెట్రో వాటర్ లారీ వెనక జనం పరిగెడుతుంటే
రెడ్ హిల్స్ చెరువు నడుమ, నెర్రెలిచ్చిన నేల మీద
తాడు లాగి మేకులు కొట్టాం.
పొద్దున్నే పేపర్లో నీటిమట్టం చూసి
ఇంకో అడుగు తగ్గిందని లోలోపల సంతోషించేవాణ్ణి.
ఇంట్లో చెప్పలేదు.
ఇంట్లో స్నానాలు రోజు విడిచి రోజు.

ఓబులమ్మకి మట్టి రంగుల పుస్తకం అక్కర్లేదు.
పలుగు దిగిన చప్పుడు విని చెప్పేది:
"ఇది పుట్టిన మన్ను కాదయ్యా, పోసిన మన్ను."
వాళ్ళ తాతలు చెరువుకట్టలు పోసినవాళ్ళు.
ఈ కట్ట కూడానేమో, ఎవరు రాసుకున్నారు?
పుట్టింది వ్యాసర్‌పాడిలో, బేరాలాడేది అరవంలో,
మన్నుతో మాత్రం తెలుగే.

గుంట గోడ నిండా చారలు.
పేకముక్క మందాన ఒండ్రు,
ఒక్కో వానాకాలానికి ఒక్కో గీత.
పైన ఒక షాంపూ సాచెట్.
దాని కింద మూరెడు మేర ఏమీ లేదు.
ఆ తర్వాత బూడిద.
ఎవరిదో పొయ్యి, మూడు రాళ్ళు,
ఒకటి కాస్త పక్కకి జరిగి ఉంది,
వంట మధ్యలో కాలితో సర్దినట్టు.

"ఎన్నాళ్ళది?" అంది.
రెండు వేల ఏళ్ళు ఉండొచ్చన్నాను.
ఆమె అది పట్టించుకోలేదు. రాయి వెనక వైపు తడిమి
"గాలి ఇట్నించి కొట్టేది. ఇక్కడ తడిక ఉండాల" అంది.
గీకి చూశాం.
గుండ్రటి నల్లమచ్చలు రెండు, గుంజలు కుళ్ళిన చోట,
ఆమె చెప్పినదానికి జానెడు అవతల.
నోట్‌బుక్‌లో "కూలీ" అని రాసి,
కొట్టేసి, పేరు రాశాను.

మూడో మచ్చ దొరకలేదు.
అక్టోబరులో ఒక రాత్రి వాన పట్టుకుంది.
టార్పాలిన్ కప్పి రాళ్ళు పెట్టాం, ఎందుకో.
వారం తర్వాత కట్ట మీద నుంచి
మా గుంట ఎక్కడో ఆఫీసరుకి చూపించాలంటే
నీళ్ళలో తేలుతున్న నీటికాకిని చూపించాల్సి వచ్చింది.
అది కూడా మునిగింది.

ఇప్పుడు ఎగ్మూరు గదిలో పెంకులు కడుగుతున్నాను.
కుళాయి తిప్పితే అదే చెరువు
మళ్ళీ వాటి మీంచి పారుతుంది.

నిన్న రాత్రి ఓబులమ్మ ఫోన్,
మాధవరం మెట్రో పనిలో ఉందట, వెనక యంత్రాల మోత.
"ఆ మూడోది పొయ్యికి ఎడం పక్కన ఉంటాది సార్,
నీళ్ళు ఎప్పుడు దిగుతాయి?"

మిద్దె మీద ట్యాంకు నిండి
ధారగా కింద పడుతోంది.
మోటారు కట్టడానికి లేచాను.