నల్లా పక్కన నల్లతీగ

నేను ఓదెల్ని.
ఇప్పలగూడెంల నీళ్లు విడిచేటోణ్ని.
పొద్దుగాల ఐదింటికి ట్యాంకు కింద వాల్వు తిప్పుత.
పై వాడకు గంట, దొడ్డి వాడకు గంట,
తండా ఎత్తు మీదుంటది, దానికి గంటంబావు.

ఆరేండ్ల కింద జేసీబీ వచ్చి
పస్రా రోడ్డు నుంచి మా ఊరి దాక కందకం తవ్వింది.
నీలం పైపు దింపిండ్రు.
దాని పక్కనే బొటనవేలు లావు
నల్ల గొట్టం ఒకటి పరిచిండ్రు.
"దీంట్ల నీళ్లు రావా?" అనడిగిన.
"దీంట్ల మాటలొస్తయి తాతా" అన్నడు డ్రైవరు.
నాకప్పుడు నలభై ఆరే.
తాతా అన్న కోపానికి మిగతది అడగలే.

నీళ్లొచ్చినయి.
మాటలు రాలే.
గొట్టం మూతికి కట్టిన బట్టపీలిక చీకిపోయింది.
చీమలు గుడ్లు మోసుకుంట లోపలికి పోతుంటె చూసిన,
ఎక్కడ తేలుతయో,
హైదరాబాదుల తేలుతయేమో అనుకున్న.

గాలిల వచ్చే కంపెనీ గుట్ట అవతలనే ఆగింది.
వాళ్ల మనిషొచ్చి తలలు లెక్కవెట్టుకొని పోయిండు.
మూడు వందల పన్నెండు.
మూడు వందల పన్నెండుకు టవరు గిట్టదంట.
ఎవలింట్ల ఎన్ని తలలని
నా నీళ్లు అడిగినయా ఏనాడన్న?

ఉపాధి పనికాడ మేటు ఈసం లచ్చుబాయి
కూలోళ్ల ఫోటో తీసి
పొద్దుగాల ఒకపారి, పగటీలి ఒకపారి
దొంగలబండ ఎక్కేది,
ఒక చేత్ల చెప్పులు, ఒక చేత్ల ఫోను.
ఫోటో పోకుంటె నలభై మంది చెమట పోయినట్టె.
ఒకనాడు జారి మోకాలిచిప్ప పగిలింది.
ఆ దినం ఆమెకే హాజరు పడలే.

రేషను ఐలయ్య మిషను పట్టుకొని చెరువు కట్ట మీద కూసునేది.
ముసలోళ్లు లైను కట్టి
గాలికి వేలిముద్రలు వెట్టేది.
వేలు కట్ట మీద, బియ్యం ఊళ్లె.

పోయిన వానకాలం ముందు తీగ వచ్చింది.
వెంట్రుకంత సన్నం, గాజుదంట.
ఇద్దరు పోరగాండ్లు మోటరు వెట్టి గొట్టంల ఊదిండ్రు,
ఊదితె పోయింది!
చీమల మీద జాలేసింది.

పంచాయతి గోడకు డబ్బా బిగిచ్చిండ్రు, పచ్చలైటు మినుకుమినుకు.
ఇగ గ్రామసభల లొల్లి.
"నాకియ్యిండ్రి, ఇంటికి ఆరువందలు, తిప్పలన్ని నావి"
అన్నడు మండలం కేబులాయన.
సగం మంది తలూపిండ్రు.
అబద్ధమెందుకు, నేను గూడ ఊపిన.
అప్పుడు తండాకెల్లి వచ్చిన బానోతు చాంది లేచి
"నల్లాకు నెలకెంత?" అన్నది.
యాభై.
"ఇదీ నల్లా కందకంలకెల్లే వచ్చింది గద.
ఒక్క కడుపుల పుట్టినదానికి రెండు ధరలేందో చెప్పుండ్రి."
కేబులాయన నవ్విండు.
జరసేపైనంక నవ్వలే.

అంత తేలికగ తెగలే. మూడు సభలు పట్టింది.
ఒకలిద్దరు ఇప్పటికీ మాట్లాడుకోరు.
నూటయాభై కాడ ఆగింది.
పుస్తకం నీళ్లదే,
పేజీ నడుమ గీత కొట్టి
కుడిపక్క నెట్టు లెక్క రాస్తున్న.

నా మొలతాడుకిప్పుడు రెండు తాళపుచేతులు.
స్తంభం మీదికెల్లి ఇండ్లకు పోయే తీగను
కోతులు కొరుకుతయి, నేను అతుకుత,
అవి చూసుకుంట కూసుంటయి.
లచ్చుబాయి పంచాయతి అరుగు మీదికెల్లే ఫోటోలు పంపుతది.
మోకాలు మాత్రం వంగదు.

నిన్న పొద్దుగాల ఐదున్నరకు
ఐలయ్య పెండ్లాం వాకిట్లకెల్లి ఒర్రింది:
"ఓదెలూ, నెట్టు రాలే, సచ్చినవా?"
నల్లా రాకుంటె ఒర్రే గొంతే,
ఒక్క ఇసం తేడా లేదు.

కంపెనీని ఎవలూ ఇట్ల తిట్టలే.
తిట్టనీకె దానికి ముఖమేది?
నాకైతె ముఖముంది, ఇల్లుంది,
సచ్చిపోయిన మా నాయన పేరుంది.
అన్నిటిని తిట్టింది.

స్క్రూడ్రైవరు దొరకలే.
వాల్వు పానా పట్టుకొనే ఉరికిన.